చలిసీమలలో తాళవృక్షములు

గోదావరీతీరమునుండి చలిదేశములకు కాపురములకై వెళ్లిన ఆడుబిడ్డలను గూర్చి మాకు వచ్చు జాబులలో ఒక ప్రశ్న మాటిమాటికి కానవచ్చుచున్నది. "మా అమ్మాయి తన ఇంటిముందు ఒక కొబ్బరిమొక్క నాటుకొనవలెనని ముచ్చటపడుచున్నది, అక్కడ బ్రతుకునా?" అని కొందరు తల్లులు అడుగుచున్నారు. మఱికొందరు, నాటిన మొక్క ఏడాది తిరుగకమునుపే మాడిపోయినదనియు, అది యేమి కీడునకు సూచనయో తెలియకున్నదనియు కలతపడి వ్రాయుచున్నారు. కొబ్బరిచెట్టును ఇంటికి పెద్దకొడుకని చెప్పుకొను కోనసీమలో పుట్టి పెరిగిన తల్లికి అట్టి కలత కలుగుట వింత కాదు. కాని సోదరీమణులారా, ఇందు శకునమేమియు లేదు. చలికిని ఈ జాతి చెట్లకును గల వైరమెట్టిదో తెలిసికొన్నచో, ఏది యెచట నాటదగునో, దేనికై డబ్బు తగులబెట్టుకొనరాదో తేలిపోవును. ఈ మాసపు మా తోటపుటను దానికే విడిచితిమి.

కొబ్బరి, తాడి, ఈత, పోక, జీలుగు, ఖర్జూరము — ఇవన్నియు ఒకే కుటుంబమునకు చెందినవి. మామిడి, వేప మొదలగువానితో కలిపి వీనిని చెట్లనుట వాడుకయే గాని, అమరకోశము వీనిని తృణద్రుమములని వేఱుగా చెప్పినది. తాటికి తృణరాజమని పేరు. గడ్డిజాతులతో వీనికిగల చుట్టరికమును నేటి వృక్షశాస్త్రజ్ఞులును ఒప్పుకొందురు. మామిడికొమ్మ నొకదానిని నఱికినచో నాలుగు చిగుళ్లు వచ్చును. కొబ్బరికి కొమ్మలు లేవు. తలపై ఆకుల నడుమ దాగియున్న మొవ్వొక్కటియే దాని పెరుగుదలకెల్ల స్థానము. పిలకలు వేయు కొన్ని పొదజాతులకు తప్ప, మొవ్వు పోయినచో చెట్టు పోయినట్లే. నిలువెత్తు మాను, వేళ్లు, పచ్చని మట్టలు ఎన్నియున్నను లాభము లేదు.

ఈ సంగతి మన డెల్టావారికి ఒకరు చెప్పవలసినది కాదు. మొవ్వుకుళ్లు తెగులు తాళ్లను, కొబ్బరులను ఎట్లు చంపునో ఇక్కడి పెద్దలు చూచియే యున్నారు. ఇరువదవ శతాబ్దపు తొలినాళ్లలో ఆ తెగులు గోదావరి మండలమున తాళ్లను విస్తారముగ నాశనము చేయుచుండగా, బట్లరు అను శిలీంధ్రశాస్త్రజ్ఞుడు దానిని పరీక్షించి, కారణమైన బూజును 1907లో వర్ణించి పేరుపెట్టెను. 1910లో ఆ తెగులును గూర్చి వివరమైన గ్రంథము ప్రకటించెను. ఆ బూజు ఫైటాఫ్తొరా పామివోరా అను పేరుతో నేడు ప్రపంచమంతట కోకో, బొప్పాయి, రబ్బరు తోటలవారికి శత్రువై ప్రసిద్ధి కెక్కినది. పేరులోని రెండవ మాటకు తాళభక్షిణి యని యర్థము. మన గోదావరి తాళ్లనుండి లోకమునకు తెలిసిన కీర్తులలో ఇదియు నొకటి యని నవ్వుకొనవలసినదే!

చలియు మొవ్వునే పట్టుకొనును. గడ్డకట్టు చలిలో మొవ్వులోని లేతభాగమునందలి నీరు మంచుగడ్డయై, దాని సన్నని గూళ్లను చీల్చివేయును. ఆ చీలికలలోనికి బూజును, కుళ్లు పుట్టించు సూక్ష్మజీవులును ప్రవేశించును. విచిత్రమేమనగా, పైయాకులు అప్పటికి పచ్చగనే యుండవచ్చును. ముందు రాబోవు ఆకులెన్నియో మొవ్వులో ఒకదానిలో నొకటి ఒదిగి యుండును గనుక, మాఘమాసమున తగిలిన దెబ్బ ఆషాఢమునకు గాని బయటపడకపోవచ్చును. "చలికాలమంతయు బాగుగనే యుండి ఎండలు వచ్చిన తరువాత చచ్చినది, ఎవరి కన్ను తగిలినదో" యని అనుకొనుటకు ఈ ఆలస్యమే కారణము. కన్ను కాదు, చలియే.

ఇక కొబ్బరి మాట. సంవత్సరము పొడుగున సగటున 27 డిగ్రీల సెంటిగ్రేడు వేడిమి దానికి హితము. మన డెల్టాలో పుష్యమాసపు రాత్రులందు సైతము పదునైదు డిగ్రీలకు దిగువకు పోవుట తఱచు కాదు. అంతకంటె తక్కువ చలి దినములకొలది నిలిచినచో కొబ్బరి పెరుగుట మాని, ఆకులు పసుపెక్కి, క్రమముగ క్షీణించును. నీరు గడ్డకట్టు రాత్రులు ఒకటి రెండు వచ్చినచో చెప్పనక్కఱలేదు. అమెరికా ప్రధానభూభాగమున ఫ్లోరిడా దక్షిణపు కొన దప్ప దానికి నమ్మకమైన తావు దాదాపు లేదు. యూరపు నగరముల అంగళ్లలో మొలకెత్తిన కొబ్బరికాయలను కుండీలలో పెట్టి ఇంటిలోపల పెంచుకొనుటకని అమ్ముదురు. చూచుటకు ముద్దుగ నుండును. కాయలోని పాలు ఉన్నంతకాలము అది తల్లిసొమ్ము తిని బ్రతుకును; ఆపైన చాలినంత ఎండ లేక, గదులను వెచ్చజేయు యంత్రముల పొడిగాలి సోకి, సాధారణముగ ఒకటి రెండు శీతకాలములలో ముగియును. దానిని కొనవద్దని మా సలహా. కొన్నచో పూలగుత్తిని కొన్నట్లు కొనవలెను గాని, చెట్టును పెంచుకొందుమను ఆశతో కాదు.

తాటికిని మంచు పడదు. పైగా తాటిగింజ మొదట నేలలోనికి పొడవైన తేగను దింపి, ఆ పిమ్మటగాని ఆకు వేయదు. తేగలను పాతరలనుండి త్రవ్వి కాల్చుకొని తినిన మనకు ఈ సంగతి క్రొత్తగాదు. అట్టి మొక్క కుండీలో ఇముడదు, పెకలించి నాటిన బ్రతుకదు. జీలుగు కొంత మేలు. మారేడుమిల్లి, రంపచోడవరము కొండలలో పెరుగు ఈ చెట్టు చేపరెక్కను బోలిన ఆకులతో కడు వింతగ నుండును. చల్లని రాత్రులకు ఓర్చుకొనును, గట్టి మంచునకు మాత్రము ఓర్వదు. చింతపల్లి మన్యమున లంబసింగివంటి చోట్ల, అనగా శీతకాలపు వేకువలందు వేడిమి సున్నకు చేరువగ దిగు తావులందు, ఇంటివారు దీనిని నిర్భయముగ వేసికొనవచ్చును. అయితే జీలుగు జీవితమున ఒక్కమాఱే పూతకు వచ్చును. పైనుండి గెలలు మొదలై క్రిందికి దిగి, కడపటి గెలతో మానును చచ్చును. దానికి ఎవరును బాధ్యులు కారు.

మన చెట్లలో చలికి నిజముగ గట్టిది ఈత. చెఱువుగట్టులమీదను, కాలువల వెంటను అడుగకయే మొలచు ఆ ముండ్లచెట్టును మనము తోటలో ఎన్నడు పెట్టుకొందుము? కల్లునకు, చాపలకు, చీపుళ్లకు దప్ప దానిని తలంచువారు లేరు. కాని ఈత పంజాబుమైదానముల వఱకు వ్యాపించి, అచ్చటి శీతకాలపు మంచును సహించుచున్నది. ముదిరిన చెట్టు సున్నకు దిగువ ఐదాఱు డిగ్రీలను తట్టుకొనగలదు. అమెరికాలో దీనికి సిల్వర్ డేట్ పామ్ అని అందమైన పేరు పెట్టి, ఫ్లోరిడాలోను టెక్సస్‌లోను పెద్ద భవనముల ముంగిట వరుసలుగ నాటి, ఒక్కొక్క చెట్టునకు విలువైన ధర తీసికొనుచున్నారు. మన ఊరి గట్టుమీది ఈతకు అచట పట్టిన వైభవము చూచిన, ఇల్లు విడిచి పోయినపిమ్మటనే కొందఱి గుణము తెలియునను మాట నిజమే యనిపించును.

అయినను ఈతకును హద్దు కలదు. మన తెలుగువారు వేలకొలదిగ స్థిరపడిన టెక్సస్ రాష్ట్రమున 2021 ఫిబ్రవరిలో వచ్చిన చలి ఆ హద్దును చూపినది. ఆ నెల 16వ తేదీ వేకువను డాలస్-ఫోర్ట్‌వర్త్ విమానాశ్రయమున వేడిమి సున్నకు దిగువ 19 డిగ్రీలకు పడినది. 1949 తరువాత అచట అంత చలి లేదు. విద్యుత్తు నిలిచి ఇండ్లలో మనుజులే గడగడలాడిన దినములవి. రాష్ట్రమున ఎన్నో ఊళ్లలో పొడవుగ పెరిగి అందరును మెచ్చుకొనిన వాషింగ్టోనియా చెట్లు అసంఖ్యాకముగ మాడిపోయినవి. మన ఈతయు బాగుగ దెబ్బతినినది. నిలిచినవేవి? ఎవరును లెక్కచేయని పొట్టి పొదలు. సబాల్ మైనర్ అను చిన్నచెట్టు ఓక్లహోమా ఆగ్నేయపు మూలవఱకు సహజముగ పెరుగునది. దాని కాండము చాలవఱకు నేలలోననే యుండును గనుక మొవ్వునకు భూమియే దుప్పటి. దానితోపాటు నీడిల్ పామ్ అనునది, అనగా సూదులవంటి ముండ్లు గల పొద, ఈ కుటుంబమున చలికి అన్నిటికంటె గట్టిదని పేరు పొందినది; సున్నకు దిగువ ఇరువది డిగ్రీలవఱకు ఓర్చును. డాలస్ ప్రాంతమున ఇల్లు కట్టుకొన్న బిడ్డకు మేము ఈ రెంటినే చెప్పుదుము. పొడవు లేదని చిన్నచూపు చూడరాదు.

పొడవైన చెట్టే కావలెనన్నచో చీనాదేశపు విసనకఱ్ఱ తాళమును చూడవలెను. ట్రాకికార్పస్ ఫార్చునై యని శాస్త్రనామము. విండ్‌మిల్ పామ్, చూసాన్ పామ్ అనునవి అంగడిపేర్లు. చలిదేశముల తోటలలో ఈ జాతికి దీనితో సాటి లేదు. ఆకు తాటాకువలెనే విసనకఱ్ఱగ విచ్చుకొనును గాని చిన్నది, పలుచనిది. మానునకు చుట్టును గోధుమవన్నె పీచు దట్టముగ అల్లుకొని, కంబళి కప్పుకొన్నట్లుండును. ఆ పీచుతో చీనా, జపాను దేశములవారు త్రాళ్లు, చీపుళ్లు చేసిరి. పల్లెవారు వానకు కప్పుకొను వస్త్రములును అల్లిరి. మన తాటాకు గొడుగు, కొబ్బరిపీచు మోకు గుర్తునకు వచ్చుటలేదా? పోతు, పెంటి వేఱువేఱుగ నుండుటయు తాటికివలెనే. తినదగిన కాయ మాత్రము లేదు.

దీని గింజలను సీబోల్టు అను వైద్యుడు జపానునుండి 1830లో హాలండుదేశపు లైడెన్ నగరమునకు తెచ్చెను. 1849లో రాబర్టు ఫార్చూన్ అను తోటశాస్త్రజ్ఞుడు చీనానుండి మొక్కలను ఇంగ్లండునకు పంపగా, అవి లండనుచెంతనున్న క్యూ తోటకును, వైట్ ద్వీపమునందలి ఆస్బరన్ రాజభవనమునకును చేరినవి. చీనావారి తేయాకు మొక్కలను గుట్టుగ మన హిమాలయపు సానువులకు తరలించినవాడును ఈతడే. ఇంగ్లండువంటి దేశమున మంచుకురిసినను చీనా తాళము బయటనే నిలిచి నూఱేండ్లు దాటి బ్రతికిన తోటలున్నవి. వేరూనిన చెట్టు సున్నకు దిగువ పదునైదు డిగ్రీల చలిని తట్టుకొనును. డాలస్‌లో 2021 చలికి కొన్ని నిలిచినవి, కొన్ని పోయినవి. ఆ చలి దాని హద్దును దాటినది మఱి.

ఎంత మంచిదైనను ప్రతిచోట నాటదగినదని అనుకొనరాదు. స్విట్జర్లండు దక్షిణమున టిచీనో మండలపు అడవులలో పక్షులు దీని గింజలను చల్లగా, అచటి చెట్లకు చోటులేకుండ మొలచినది. అందుచే 2024 సెప్టెంబరు 1వ తేదీనుండి ఆ దేశమున దీనిని అమ్ముటయే గాక, ఊరక ఇచ్చుటయు నిషేధించిరి. అచటనున్న బిడ్డలు తెలియక ఇతరదేశమునుండి తెప్పించి చిక్కులలో పడరాదు. మన గోదావరి మండలమునందును దీనిని ప్రయత్నింపవద్దు. మన వేసవి దీనికి పడదు. మన చెట్టు వారి చలికి చచ్చునట్లే, వారి చెట్టు మన వేడికి కుములును.

దీని దగ్గఱి చుట్టమొకటి మన దేశముననే కలదు. కుమావూ కొండలలో పిథోరాగఢ్ చెంత తల్‌కేదార్ శిఖరముమీద, రెండువేల మీటర్లకు పైబడిన ఎత్తున, చలికాలమున మంచు కప్పియుండు అడవిలో ఈ తాళము పెరుగుచున్నది. బెక్కారి యను ఇటలీ శాస్త్రజ్ఞుడు 1905లో దీనికి ట్రాకికార్పస్ టాకిల్ అని పేరిడెను. టాకిల్ అనునది అచటి కొండపేరే. తాళవృక్షమనగా సముద్రపుటొడ్డు, ఉప్పుగాలి అని తలంచు మనకు మంచుకొండమీది తాళము నమ్మశక్యము గాకున్నను, అది నిజము. ఇపుడు అడవిలో బహు అరుదు. గింజలను అక్కడినుండి తెప్పించుకొనవలెనని ఎవరును తొందరపడవద్దు.

పేరు చూచి మోసపోవుటకును ఇందు అవకాశము కలదు. స్కాట్లండు ఉత్తరమున ప్లాక్టన్ అను పల్లెలో సముద్రపుటొడ్డున తాళవృక్షములు వరుసగ నున్నవని ప్రయాణికులు పటములు తీసికొందురు. అవి న్యూజీలండునుండి వచ్చిన కార్డిలైన్ అను వేఱుజాతి మొక్కలు, తాళములు కావు. చలికి ఒకమాఱు మాను మాడినను మొదటినుండి మఱల చిగుర్చును. అదియే వాని గుట్టు. ఊరక అందమునకైనచో అవియు బాగుగనే యుండును.

నాటుట గూర్చి. చలిదేశమున దీనిని మనవలె ఆశ్వయుజ కార్తికములందు నాటరాదు. ఈ జాతి వేళ్లు వెచ్చని మట్టిలోగాని సాగవు. మంచుభయము తొలగిన పిమ్మట, వసంతము ముదిరి వేసవి తొలిభాగము నడచుచుండగ నాటినచో, చలి వచ్చునప్పటికి మొక్క నిలద్రొక్కుకొనును. బెత్తెడు మొక్క చౌకయని కొనుటకంటె, కాండము కొంచెము గట్టిపడినదానిని కొనుట మేలు. లేతమొక్కకు పెద్దచెట్టు ఓర్పు ఉండదు. కుండీలో ఎంతలోతున నున్నదో అంతే లోతుగ నాటవలెను. ఇంటికి దక్షిణపు గోడచెంత చోటు మంచిది. ఆ దేశములందు శీతకాలపు సూర్యుడు దక్షిణముననే తిరుగును గనుక గోడ పగలు వేడిని త్రాగి రాత్రి విడుచును. నీరు నిలుచు పల్లపునేల మాత్రము కూడదు. పొడిచలిని ఓర్చు చెట్టు తడిచలికి ఓడును. మన వారికి చెట్టు అనగా చెంబుతో నీరు పోయుటయే ప్రేమ. శీతకాలమున ఆ ప్రేమ కొంత తగ్గించుకొనవలెను.

చలి ముదురుటకు ముందు మొదటిచుట్టు ఎండుటాకులుగాని కొబ్బరిపీచుగాని జానెడు మందమున పఱచి, ఆకులను పైకి చేర్చి మెత్తని త్రాటితో వదులుగ కట్టి, గోనెగుడ్డ చుట్టవలెను. ప్లాస్టిక్ గుడ్డ చుట్టిన లోపల తడి చేరి మొవ్వు కుళ్లును. చిన్నదీపముల తోరణము మానునకు చుట్టుట అచట ఆచారము. పూర్వపు తీగెదీపములు వేడినిచ్చి మొవ్వును కాపాడెడివి, ఇప్పటి ఎల్.ఈ.డీ. దీపములకు వేడి మిక్కిలి స్వల్పము, వెలుగు తప్ప వానివలన ఫలము లేదు. ఎండ కాసిన దినమున గోనెను విప్పుట మఱువరాదు.

చలి వెళ్లినపిమ్మట మాడిన ఆకులను వెంటనే కోసివేయవలెనని చేయి లాగును. కోయరాదు. ఆకులో పచ్చదనమెంతమాత్రము మిగిలియున్నను చెట్టునకు ఆహారమే. నడుమనున్న ముడుచుకొన్న క్రొత్తాకును మెల్లగ పట్టి లాగిచూడవలెను. గట్టిగ నిలిచినచో సంతోషము. చేతికి ఊడివచ్చి చెడువాసన కొట్టినచో మొవ్వు కుళ్లుచున్నదని తెలియును. అంతమాత్రమున చెట్టును పెకలింపవలదు. కుళ్లినభాగమును శుభ్రముగ తీసివేసి, మన కొబ్బరితోటలలో మొవ్వుకుళ్లునకు చేయునట్లే, కాపర్ ఆక్సీక్లోరైడును లీటరు నీటికి మూడుగ్రాముల చొప్పున కలిపి మొవ్వులో పోసి, వాన పడకుండ కొన్నినాళ్లు మూతవేయవలెను. లోపలి లేతభాగము చావకున్నచో ఆ వేసవి ముగియునాటికి వంకరగనైన ఒక ఆకు వెలువడును. అంతవఱకు ఓపిక పట్టుటయే పని.

అంతస్తుల ఇండ్లలో నివసించుచు నేల లేని బిడ్డలకు గదిలో పెంచదగినవి వేఱు. లార్డ్ హోవ్ ద్వీపమునుండి వచ్చిన కెంటియా మందవెలుగునకును, చల్లగదికిని ఓర్చును. వెల యెక్కువ, పెరుగుదల తక్కువ. మెక్సికోదేశపు పార్లర్ పామ్ చౌక, చిన్నది, బల్లమీద ఇముడును. మన ఇండ్ల వసారాలలో విరివిగ కనబడు అరీకా పామ్‌ను చూచి అదే కావలెనని పట్టుపట్టరాదు. వెచ్చజేసిన పొడిగాలికి దాని ఆకుకొనలు మాడును.

మన దేశములోనే ఢిల్లీవంటి చలి నగరములకు కడియము, కడియపులంక, వేమగిరి నర్సరీలనుండి మొక్కలు కొనిపోవువారికి రెండుమాటలు. బండినుండి దింపునపుడు అందముగ నున్నదే గొప్పది కాదు. సీసావలె మొదలు ఉబ్బియుండు బాటిల్ పామ్ మారిషస్ చెంత ద్వీపమునుండి వచ్చినది, చలికి మిక్కిలి భయపడును. వలపందిరి నీడలో పెరిగినదానిని ఒకేమాఱు బయట పెట్టినను దెబ్బతినును. పదిపదునైదు దినములు కొంచెముకొంచెముగ ఎండకు, గాలికి అలవాటు చేయవలెను. కార్తికమున కాక, హోళీ దాటినపిమ్మట తీసికొనిపోయినచో దానికి ఒక వేసవి చేతిలో నుండును.

విదేశములందలి బిడ్డలకు ఇచటినుండి మొక్కనుగాని, మట్టినిగాని పెట్టెలో పెట్టి పంపరాదు. తెగుళ్ల భయముచే ఆయా ప్రభుత్వముల ఆరోగ్యపత్రములు లేనిదే రేవులో తీసివేయుదురు, జరిమానయు వేయవచ్చును. అక్కడి నర్సరీలోనే వేడిదేశపు అంగడిపేర్లను కాక, పైని మేము వ్రాసిన పేర్లను చెప్పి అడుగుమనుడు. తమ ఊరి కనిష్ఠ వేడిమి యెంతో ముందు తెలిసికొనుమనుడు. అమెరికావారు ఫారన్‌హీట్ లెక్కలో చెప్పుదురు. అందు 32 అనగా మన సున్న. మొక్కతోపాటు కట్టిన చీటీమీద అది ఓర్చు చలి వ్రాసియుండును. ఆ అంకె ముదిరిన చెట్టునకు చెప్పినది గనుక, లేతమొక్కకు నాలుగైదు డిగ్రీలు తగ్గించి లెక్కకట్టుకొనవలెను.